సవరణ: ఇంజన్ ఒక్కటే దించేటప్పుడు గేర్‌బాక్స్ కింద జాకీ ఉండాల్సిందే

పాత అంబాసిడర్ ఇంజన్‌ను ఇంటి దగ్గరే దించే పద్ధతి రాసినప్పుడు, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కి కలిపే గంట ఆకారపు తొడుగు) బోల్టులు ఊడదీశాక గేర్‌బాక్స్ వెనక మౌంటింగ్ మీదే నిలబడుతుందని రాశాను. అది తప్పు. వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పేదీ, రాయగడ వైపు ఈ బండ్లు విప్పే మిస్త్రీలు చేసేదీ వేరు.

ఆఖరి బోల్టు తీయకముందే గేర్‌బాక్స్ కింద చెక్కముక్క వేసి జాకీ పెట్టాలి. లేకపోతే బరువంతా గేర్‌బాక్స్ నుంచి క్లచ్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ మీదుగా క్లచ్ ప్లేట్ హబ్‌పై, అంటే దాని నడిమి భాగంపై పడుతుంది. హబ్ వంగిందంటే, మళ్లీ బిగించాక క్లచ్ పూర్తిగా విడవదు, గేర్ వేసినప్పుడల్లా గరగరమంటుంది. చైన్ బ్లాక్‌తో (బరువులెత్తే గొలుసు కప్పీతో) ఇంజన్‌ను మౌంటింగుల మీంచి తేలేంత వరకే ఎత్తండి. తర్వాత తిన్నగా ముందుకు లాగండి. షాఫ్ట్ ప్లేట్‌లోంచి పూర్తిగా బయటపడ్డాకే పైకి. బిగుసుకుంటే గుంజొద్దు. జాకీని కాస్త పైకో కిందికో మార్చి, ఇంజన్‌కీ హౌసింగ్‌కీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో చూడండి.

ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి దించేవాళ్లకి ఈ చిక్కు లేదు. కాని గేర్ ఆయిల్ ముందే తీసేయండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే పొడవాటి షాఫ్ట్) ఫ్లాంజ్ మీద, అంటే బోల్టులు బిగించే అంచు మీద గుర్తు పెట్టుకోండి.

మారుతి 800కి ఈ పద్ధతి వాడొద్దు. అందులో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, ప్రొపెల్లర్ షాఫ్టే ఉండదు.