నాలుగు టైర్లూ ఒకేసారి పంక్చర్

(విశాఖపట్నం సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారు. మే నెల, ఆదివారం, పొద్దున్న ఆరు. అరకు బయల్దేరాలి. సన్యాసిరావు గాలి కొలిచే మీటరు పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. ఇంటరు పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైన సత్యవతి సంచులు పట్టుకుని లిఫ్టులోంచి దిగింది.)

సన్యాసిరావు: సత్యా, కొంప మునిగింది. నాలుగు టైర్లూ పంక్చరు!

సత్యవతి: నాలుగూనా? రాత్రి వాచ్‌మన్ గానీ మేకులు చల్లీసేడేటి?

సన్యాసిరావు: ఎకసెక్కాలొద్దు. నిన్న మధ్యాహ్నం ఆనందపురం నుంచి వచ్చి చూస్తే ఒక్కోదాన్లో గాలి నొక్కుడు 36న్నర పీఎస్‌ఐ ఉంది. డోరు పక్కన కంపెనీవాడు అంటించిన కాయితం మీద 33 అని ఉంది కదా. అందుకని పిన్ను నొక్కి నాలుగింట్లోనూ 33కి దించేను. ఇప్పుడు చూస్తే 30. నాలుగూ 30!

సత్యవతి: పంక్చరైతే ఒకటి 10, ఒకటి 25 ఉంటాయి గానీ, నాలుగూ మాటాడుకుని 30 దగ్గర ఆగుతాయేటండీ? గాలి తీసింది మీరే.

సన్యాసిరావు: నేను 33 దగ్గర ఆపేను కదే!

సత్యవతి: వేడి మీద ఆపేరు. ఆ కాయితం మీద అంకె చల్లటి టైరుకి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, అప్పుడు కొలవాలి. మీరేమో ఎండలో హైవే మీద తోలుకొచ్చి, టైరు కాలిపోతుంటే కొలిచేరు. రాత్రి అది చల్లారింది, గాలి తగ్గింది.

సన్యాసిరావు: వేడికి గాలి పెరుగుతాదని నాకూ తెలుసు. కానీ లెక్క కుదరాలి కదా. పొద్దున్న 28 డిగ్రీలు, మధ్యాహ్నం టైర్లో 50 అనుకో. దగ్గర దగ్గర రెట్టింపు. ఆ లెక్కన 33 కాస్తా 59 అవ్వాలి. 36న్నరే చూపించిందేం?

సత్యవతి: మీ 28 నీళ్ళు గడ్డకట్టిన చోటినుంచి లెక్క. గాలికి నీళ్ళతో ఏటి పని? దాని సున్నా ఇంకో 273 డిగ్రీలు కిందుంది. 28 అంటే దానికి 301. 50 అంటే 323. పెరిగింది నూటికి ఏడు చిల్లర.

(సన్యాసిరావు ఫోను తీసి కాలిక్యులేటర్ నొక్కాడు. మొహం వెలిగింది. భార్య తప్పు దొరికినప్పుడు మాత్రమే వెలిగే వెలుగు.)

సన్యాసిరావు: దొరికిపోయేవు! 33కి ఏడు చిల్లర అంటే రెండున్నరైనా రాదు. 35 పైచిలుకు చూపించాలి. 36న్నర ఎలా వచ్చిందో చెప్పు.

సత్యవతి: మీ మీటరు ఉన్నదంతా చెప్పదు. బయట గాలి కంటే లోపల ఎంత ఎక్కువుందో అంతే చెప్తుంది. పూర్తిగా దిగిపోయిన టైరుకి పెట్టినా సున్నాయే చూపిస్తుంది. లోపల గాలి లేకనా? బయట ఎంతుందో లోపలా అంతే ఉందని. సముద్రం ఒడ్డున బయటి గాలి నొక్కుడు 14.7. 33కి అది కలపండి.

సన్యాసిరావు: 47.7.

సత్యవతి: దాన్ని 323తో హెచ్చవేసి 301తో భాగించండి.

సన్యాసిరావు: 51.2.

సత్యవతి: 14.7 తీసీండి.

సన్యాసిరావు: ...36న్నర. (కాసేపాగి) మరి ఈ రాత్రికి 30 అవ్వడం?

సత్యవతి: అదే లెక్క వెనక్కి. ఆ మూడు తక్కువతో ఘాట్ ఎక్కితే టైరు పక్కలు ఎక్కువ నలుగుతాయి, నలిగినకొద్దీ ఇంకా వేడెక్కుతాయి. పెరిగిందని గాలి తీసినవాడు టైరుని చల్లబరచలేదు, కాల్చడానికి ఏర్పాటు చేసేడు.

సన్యాసిరావు: ఇదంతా నీ సొంత తెలివే?

సత్యవతి: నాది కాదు. వేడికి గాలి ఎలా వ్యాకోచిస్తుందో 1787 ప్రాంతంలో చార్లెస్ అనే ఆయన చూసేడు. అచ్చు వెయ్యలేదు. 1802లో గేలూసాక్ అచ్చు వేసి, ఇది చార్లెస్ నాకంటే ముందే చూసేడని రాసేడు. మీరు ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా, ఈ మాట మా ఆవిడ ముందే చెప్పిందని ఎవరి దగ్గరైనా అన్నారేటి?

(సమాధానం లేదు. డిక్కీలోంచి కాలిపంపు బయటికొచ్చింది. ఒక టైరు 33కి వచ్చేసరికి సన్యాసిరావు సిలిండరు అడుగు పట్టుకుని చెయ్యి విదిలించుకున్నాడు.)

సన్యాసిరావు: అబ్బా! కాలిపోయింది. లోపల గ్రీజు అయిపోయింది. రాపిడి.

సత్యవతి: రాపిడి కొంచెం ఉంటాది. ఎంతో చూసుకోండి. పంపు చల్లారనిచ్చి, గొట్టం టైరు నుంచి పీకీండి. ఉత్తినే అన్ని తొక్కులూ తొక్కండి.

సన్యాసిరావు: ఉత్తి గాలికి తొక్కుతుంటే మూడో ఫ్లోరు వాళ్ళు చూస్తున్నారే.

సత్యవతి: చూడనీండి. మార్నింగ్ వాక్ ఎగ్గొట్టేరు కదా.

(తొక్కాడు. పట్టుకుని చూశాడు. కొద్దిగా గోరువెచ్చన, అంతే.)

సన్యాసిరావు: ఇదేటి?

సత్యవతి: రాపిడి ఇంచుమించు అంతే ఉంది, నొక్కుడు లేదు. టైరుకి తగిలించినప్పుడు లోపలి గాలిని మూడు రెట్లు నొక్కుడుకి తెచ్చి తోస్తున్నారు. మీ కాలు చేసిన పనంతా ఆ గాలిలోకే పోతుంది. వేడి బయటికి పోయే టైము లేకుండా నొక్కితే 28 డిగ్రీల గాలి లెక్క ప్రకారం 150 దాకా వెళ్తుంది. ఇనుము లాగీసుకుంటుంది కాబట్టి అంత అవ్వదు, చెయ్యి కాలుతుంది. మెల్లిగా తొక్కితే తక్కువ కాలుతుంది.

సన్యాసిరావు: మనది డీజిల్ బండి. ఇంజన్లో కూడా ఇదేనా?

సత్యవతి: దానికి స్పార్క్ ప్లగ్గు ఎక్కడైనా చూసేరా? గాలిని పదహారు, పదిహేడో వంతుకి నొక్కుతుంది. 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. ఇప్పుడు ఆ టైరు పిన్ను నొక్కి వేలు పెట్టండి.

సన్యాసిరావు: చల్లగా ఉంది. ఏసీలా.

సత్యవతి: వ్యాపించేటప్పుడు బయట గాలిని తోసుకుని రావాలి. ఆ పనికి ఖర్చు దాని సొంత వేడిలోంచే. చాలు, మళ్ళీ 33కి కొట్టండి. వేలు పెట్టి రెండు తీసీసేరు.

(మేడ మీద. పులిహోరకి బియ్యం పొయ్యి మీద పెట్టారు. సగం ఉడికేసరికి మంట నీలం నుంచి మిణుగురైంది, తరవాత అదీ లేదు. ఇక్కడ చెప్పాల్సిన సంగతేంటంటే, రెగ్యులేటర్ దగ్గర కూడా ఒక మీటరు ఉంది. ముల్లు, పచ్చ, పసుపు, ఎరుపు. కొన్నది ఎవరో చెప్పక్కర్లేదు.)

సన్యాసిరావు: పొద్దున్న కాఫీకి కూడా పచ్చలో ఉందే! నిండుగా ఉందని చూసే కదా బుకింగ్ వద్దన్నాను!

సత్యవతి: నిండుగా ఉన్నా పచ్చే, అరకిలో ఉన్నా పచ్చే. సిలిండర్లో ఉన్నది గాలిలాంటి గ్యాస్ కాదు, ద్రవం. పైన కాస్త ఆవిరి. మీరు వాడుతుంటే ద్రవం మరిగి ఆ ఖాళీ నింపుతుంది. ద్రవం చుక్క మిగిలినంతసేపూ లోపలి నొక్కుడు వేడిని బట్టే గానీ ఎంతుందన్నదాన్ని బట్టి ఉండదు. చుక్క అయిపోయిందా, ముల్లు ఒక్కసారే పడిపోతుంది. టైరుకి పనికొచ్చే మీటరు దీనికి పనికిరాదు.

సన్యాసిరావు: మరి ఎలా తెలుస్తాది?

సత్యవతి: కాటా మీద పెట్టాలి. ఖాళీ బరువు సిలిండర్ మీదే, హ్యాండిల్ కింద పట్టీ మీద ఉంటుంది. ఉన్న బరువులోంచి అది తీసీండి. నిండుగా ఉంటే 14.2 కిలోలు మిగలాలి.

సన్యాసిరావు: పోనీ పక్కకి పడుకోబెడితే అడుగున ఉన్నది...

సత్యవతి: ముట్టుకుంటే ఊరుకోను! పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం రెగ్యులేటర్లోకి వస్తుంది. అది గ్యాసైతే రెండొందల యాభై రెట్లు. మంట గూడు దాకా లేస్తుంది.

సన్యాసిరావు: వేణ్ణీళ్ళ బేసిన్లో పెడితే?

సత్యవతి: ఖాళీదానికి స్నానం చేయించి ఏటి చేస్తారు? రెగ్యులేటర్ కట్టీండి, పదండి. దారిలో తిందాం.

సన్యాసిరావు: అరకులో బొంగులో చికెన్ తిందాం. మూసిన బొంగు, లోపల ఆవిరి, కింద నిప్పు. అది పేలదేం?

సత్యవతి: మూతికి బిరడా కాదు, ఆకులు కుక్కుతారు. ఆవిరి సందుల్లోంచి పోతుంది. కణుపు మూసుకున్న ఉత్తి బొంగుని నిప్పుల్లో పడేస్తే బాంబులా పేలుతుంది.

సన్యాసిరావు: (టైరు మీటరు జేబులో పెట్టుకుంటూ) ఆకుల సందులో ఇది దూర్చి చూస్తే...

సత్యవతి: ఆ బొంగులవాడు మిమ్మల్ని కొడితే ఎన్ని పీఎస్‌ఐ వచ్చిందో నేను చూసి చెప్తాను. తాళం వెయ్యండి.