బియ్యం డబ్బాలో పైలట్

(బెంగళూరు, మత్తికెరె. ఆదివారం పొద్దున్న ఏడున్నర. దోసెలకు బియ్యం నానబెడదామని సరళ డబ్బాలో చెయ్యి పెట్టింది. హాల్లో శేషు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడని రాస్తే పాత జోకవుతుంది. సరిగ్గానే పట్టుకున్నాడు, చదవట్లేదంతే.)

సరళ: ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా?

శేషు: కాఫీయా?

సరళ: కాదు, బియ్యంలో రాళ్ళొచ్చాయి.

శేషు: ఏరెయ్యి.

సరళ: ఎలా ఏరను? మొత్తం 17. అన్నీ వాచీ లోపలే, చక్రాల ఇరుసులకి బిగించి ఉన్నాయి.

(శేషు పేపరు మడిచేశాడు.)

శేషు: అదా! బియ్యం తేమ పీలుస్తుందని పెట్టానే. ఫోను తడిస్తే పెట్టమూ?

సరళ: తడిసిందా?

శేషు: తడుస్తుందేమోనని.

సరళ: ఆహా, మీ వాచీకి సోనామసూరి పరుపు! ఎప్పుడు కొన్నారు?

శేషు: కొత్తదేం కాదే, ఎనభైల్లోది.

సరళ: వాచీ వయసు ఎవరడిగారు? మనింటికొచ్చి ఎన్నాళ్ళయింది?

శేషు: పది రోజులు.

సరళ: ఎంత పోశారు?

శేషు: నాలుగు...

సరళ: నాలుగొందలా?

శేషు: ...న్నర.

సరళ: నాలుగొందల యాభయ్యా? పోన్లెండి.

(శేషు అవుననలేదు, కాదనలేదు. మౌనం అబద్ధం కిందికి రాదని కాపురం చేసే మగవాళ్ళలో ఒక నమ్మకం ఉంది.)

శేషు: హెచ్‌ఎంటీ పైలట్ సరళా! నల్ల డయలు. ఈ బెంగళూరులోనే 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ వాళ్ళ సాయంతో...

సరళ: మొదలెట్టారు. 2016లో సర్కారు మూసెయ్యమంది. ఈ హరికథ ప్రతి ఆదివారం వింటున్నదే. ఇంత మంచి వాచీ కొన్న మనిషి మొహం అలా వేలాడేసుకున్నారేం?

శేషు: డయలు దొంగదే.

సరళ: వాచీ దొంగదా?

శేషు: వాచీ అసలుదే, లోపలి మిషనూ అసలుదే. డయలు మాత్రం రీడయల్. పాత దాని మీద కొత్తగా నల్లరంగు కొట్టి, పేరు మళ్ళీ అచ్చేశారు. ఇదిగో, భూతద్దంలో చూడు. ఒక అక్షరం లావు, ఒకటి సన్నం. నిమిషాల గీతలు నాలుగు దగ్గరికొచ్చేసరికి సిటీ బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇలాంటి వాటిని మా పాత వాచీల పిచ్చోళ్ళలో ముంబై స్పెషల్ అంటారు. నలభయ్యేళ్ళ వాచీ మొహం మీద ఒక్క మచ్చ కూడా లేదంటే అప్పుడే అనుమానించాల్సింది.

సరళ: నలభై దాటాక మొహం నిగనిగలాడితే అనుమానించాలా? మరి తల నిగనిగలాడితే?

శేషు: మధ్యలో తల ఎందుకొచ్చింది?

సరళ: నెలకో ఆదివారం బాత్రూం తలుపేసుకుని మీరు చేసే పనిని ఏమంటారు మీలో? మా అక్క కూతురి పెళ్ళిలో అందరూ "బావగారికి ఒక్క తెల్లవెంట్రుక లేదే" అంటుంటే, నేను రీడయల్ అని నోరు జారానా?

శేషు: నన్ను నేను అమ్మకానికి పెట్టుకోలేదు కదే!

సరళ: కొనేవాళ్ళుంటే చెప్పండి. కింద దవడలో ఒక పన్ను తప్ప మిగతా పార్టులన్నీ ఒరిజినలే అని రాసి పెడదాం.

(అయిదు నిమిషాలు విరామం. అంటే మిక్సీ తిరిగింది.)

సరళ: అయితే అమ్మినవాడి మొహాన కొట్టి రండి.

శేషు: ఫోనెత్తట్లేదు. అంతా ఒరిజినల్ సార్, మా తాతది అన్నాడు. ఇప్పుడు ఆరా తీస్తే వాడమ్మిన పదిహేను వాచీలూ తాతవేనట.

సరళ: ఆ తాతకెన్ని చేతులండీ?

శేషు: నవ్వకే! కడుపు మండిపోతోంది.

సరళ: పోనీ, యలహంక కుర్రాడెవరో పైలట్ కావాలన్నాడుగా. అదే నాలుగొందల యాభైకి అంటగట్టెయ్యండి.

శేషు: (దగ్గి) వాడికి నిన్ననే చెప్పేశా. డయలుకి రంగేశారు, కీ మార్చారు, రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోంది అని.

సరళ: కొంటానన్నాడా?

శేషు: థాంక్స్ అంకుల్ అన్నాడు.

సరళ: పుచ్చు వంకాయని పైన పెట్టి అమ్మేవాణ్ణి మిమ్మల్నే చూశా.

శేషు: మా వాళ్ళందరం బతికేది ఆ ఒక్క మాట మీదే సరళా. నేను ముందే డబ్బు పంపేస్తా, గుంటూరు నుంచి ఒకాయన వాచీ కొరియర్ చేస్తాడు. ఆయన మొహం కూడా నేనెరగను. సంతకం లేదు, సాక్షి లేడు. తీసుకుంటానంటే తీసుకున్నట్టే. తర్వాత ఇంకొకడొచ్చి వెయ్యి ఎక్కువిస్తానన్నా ఆయన ఇవ్వడు. మొన్న దర్శిని హోటల్లో కలిశాం చూడు, ఒక పిల్లాడు హెచ్‌ఎంటీ జనతా పెట్టుకొచ్చాడు. పక్కన స్విస్ వాచీలు. చెయ్యి టేబుల్ కింద దాచుకుంటున్నాడు పాపం. మా పెద్దాయన ఏం చేశాడో తెలుసా? వాడి అనుమతి అడిగి, చేతులు తుడుచుకుని, వాచీ తీసి చెవికి ఆనించుకున్నాడు. సెకనుకి 5 టిక్కులు. అలా వింటూనే ఉన్నాడు, ఫిల్టర్ కాఫీ మీద మీగడ కట్టేసింది. ఎంతకి కొన్నావని అడిగినవాడు లేడు. చేతిలో ఉన్నది ఎవరిదైనా సరే, ఓనర్ని అడక్కుండా ముట్టుకోకూడదు, అడక్కుండా మూత విప్పకూడదు. అంత పద్ధతి మాది!

సరళ: వినడానికి ముచ్చటగా ఉంది. మొహమెరగని గుంటూరాయనకి సత్యహరిశ్చంద్రుడు. ఇరవయ్యారేళ్ళు వండిపెట్టినదానికి బియ్యం డబ్బా.

శేషు: అది కాదే...

సరళ: ఇంట్లో మొత్తం ఎన్నున్నాయి?

శేషు: పదకొండు.

సరళ: పద్నాలుగు. కర్పూరం డబ్బాలో ఒకటి, చలికాలం మఫ్లర్లో చుట్టి రెండు. మీ లెక్కలో తగ్గిన మూడూ అవేగా?

శేషు: నీకెలా తెలుసు?

సరళ: మీరు ఊరెళ్ళినప్పుడు రోజూ వాటికి కీ ఇస్తున్నదెవరనుకున్నారు? మీ సీకో గంటలు గంటలు ముందుకి పరిగెడుతుంటే అయస్కాంతం పట్టిందని నెత్తి బాదుకున్నారే, ఆ రోజు నుంచి మీరు స్పీకరు మీద పారేసిన ప్రతి వాచీని తీసి షెల్ఫులో పెడుతున్నదెవరు? రాత్రి తొమ్మిది దాటితే తేదీ తిప్పకూడదనీ, లోపల పళ్ళచక్రం దెబ్బతింటుందనీ కూడా నాకు తెలుసు.

(శేషు భార్యను కొత్తగా చూశాడు. ఆ చూపును ఆవిడ పట్టించుకోలేదు. బీరువా తీసి ఇంకో వాచీ తెచ్చింది.)

సరళ: అది సరే. మా నాన్న జనతా మొన్న సర్వీసుకిచ్చి తెచ్చారుగా. దీని మీద గీత ఏది?

శేషు: తళతళలాడుతోంది కదూ! నీ పుట్టినరోజుకని అద్దం కొత్తది వేయించా.

సరళ: ఏడు అంకె మీద ఉండేది. హిందూపురంలో చేతిపంపు దగ్గర నేను బిందె ఎత్తబోయి ఆయన చేతికి తగిలించా. కొట్టలేదు, తిట్టలేదు. అద్దం మాత్రం మార్చనివ్వలేదు. టైమెంతని అడిగితే "మా అమ్మాయి గీత దాటి పది నిమిషాలు" అనేవాడు.

శేషు: ...

సరళ: ఓనర్ని అడిగారా?

(శేషు లేచి లోపలికి వెళ్ళాడు. అటక మీద ఏదో కింద పడ్డ చప్పుడు. బూజు పట్టిన తలతో, బూస్టు సీసాతో వచ్చాడు. రీడయల్ మీద బూజు భలే కనిపిస్తుంది.)

శేషు: పాత పార్టులు పారెయ్యకూడదు, ఓనరుకి ఇచ్చెయ్యాలి. అదీ మా పద్ధతే. ఇదిగో.

(అగ్గిపెట్టెలో దూది. దూదిలో పాత అద్దం. సరళ కిటికీ దగ్గరికెళ్ళి వెలుగుకి పెట్టి చూసింది. కాసేపు మాట్లాడలేదు. ఈ ఇంట్లో అది జరిగేది తక్కువ.)

సరళ: రేపే ఇది వేయించుకురండి.

శేషు: మళ్ళీ ఖర్చే.

సరళ: నాలుగొందల యాభై తగలేసిన మనిషి దీనికి వెనకాడతారా?

శేషు: సరళా, అది నాలుగు వేల అయిదొందలు.

సరళ: తెలుసు. బ్యాంకు మెసేజ్ నా ఫోనుకి వస్తుంది.

శేషు: తెలిసే పోన్లెండి అన్నావా?

సరళ: ఎప్పుడు నోరు విప్పుతారో చూద్దామని. ఏమండీ, ఈ సీసాలో ఉన్నవన్నీ పాత పార్టులేనా?

శేషు: అవునవును. అద్దాలు, ముళ్ళు, బెల్టు పిన్నులు. ఇటివ్వు, మూత పెడతా.

సరళ: (సీసా చెవికి ఆనించుకుని) సెకనుకి 5 టిక్కులు.

శేషు: అది... మా తాతది.