మళ్ళీ రెండో భాగమేనా?

యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ వాళ్ళ దీపం తెరమీదకి గెంతుకుంటూ వచ్చి ఆ పేరులోని 'ఐ' అక్షరాన్ని తొక్కేస్తుంటే ఒకప్పుడు ఒళ్ళు పులకరించేది. 2007లో వంట చేసే ఎలుక, 2008లో చెత్త ఎత్తే రోబో, 2009లో బెలూన్లతో ఎగిరే ఇల్లు. వరసగా మూడేళ్ళూ కొత్త కథలే! ఆ ఎగిరే ఇంటి ముసలాయన కాపురమంతా మాటల్లేకుండా నాలుగైదు నిమిషాల్లో చూపించి ఏడిపించేశారు. పాప్‌కార్న్‌లో ఉప్పెక్కువైందో, నా కన్నీళ్ళే పడ్డాయో మరి.

ఇప్పుడో? 2010లో 'టాయ్ స్టోరీ 3'లో ఆండీ అనే కుర్రాడు తన బొమ్మల్ని ఓ చిన్నపిల్లకి ఇచ్చేసి కాలేజీకి వెళ్ళిపోయాడు. కథ కంచికి చేరిందనుకున్నాం. 2019లో నాలుగో భాగమంటూ మళ్ళీ లాక్కొచ్చారు. 'లూకా' లాంటి కొత్త కథనేమో నేరుగా ఓటీటీలో పడేశారు. కరోనా అన్నారు, సరే. 2024లో 'ఇన్‌సైడ్ అవుట్ 2' వసూళ్ళు కుమ్మేసింది, ఇక ఈ రెండో భాగాలు మానతారా!