బెంచి మారితే తీర్పూ మారుతుందా?

హైకోర్టులో బెయిల్ పిటిషన్‌కు నంబరు పడగానే అనుభవమున్న న్యాయవాది అడిగే మొదటి మాట ‘ఎవరి బెంచి?’ అని. ఫలానా జడ్జిగారు బెయిల్ విషయంలో ఉదారంగా ఉంటారనీ, ఫలానావారి దగ్గర స్టే దొరకడం కష్టమనీ కోర్టు వరండాల్లో చెప్పుకోవడం కొత్త కాదు. ఏళ్ల తరబడి కోర్టు హాళ్లలో నిలబడి పోగుచేసుకున్న ఈ ఎరుకలో నిజమెంతో లెక్కగట్టి చూసినవారు తక్కువ. పెద్ద ఫీజు ఇచ్చుకోగల కక్షిదారుకు మాత్రం అది అందుతుంది. జైల్లో మగ్గుతున్న పేదవాడికి అందదు. న్యాయమూర్తులు తీర్పులిచ్చే తీరుపై లెక్కలతో కూడిన పరిశోధన జరగాలని మేము కోరుతున్నది ముందుగా అతని కోసమే.

ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చిన సందర్భమూ ఉంది. 1975లో అలహాబాద్ హైకోర్టు ఒకే నేరంలో ముగ్గురి మరణశిక్షను ఖరారు చేసింది. ముగ్గురూ విడివిడిగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. జీతా సింగ్ పిటిషన్‌ను ఒక ధర్మాసనం కొట్టివేసింది. కశ్మీరా సింగ్ శిక్షను వేరొక ధర్మాసనం యావజ్జీవానికి తగ్గించింది. 1981 అక్టోబరు 6న జీతా సింగ్‌ను ఉరితీశారు. అదే రోజు ఉరికంబం ఎక్కాల్సిన మూడోవాడు హర్బన్స్ సింగ్ స్టే తెచ్చుకుని బతికాడు. అతని శిక్ష తగ్గించాలని 1982లో సుప్రీంకోర్టే రాష్ట్రపతికి సిఫార్సు చేసింది. నేరం ఒకటే, హైకోర్టు తీర్పూ ఒకటే. తేడా వచ్చిందల్లా విన్న బెంచిలోనే.

ఇలాంటి ఒక్క ఉదంతం మనసును కలచివేస్తుంది కానీ వ్యవస్థ సంగతి చెప్పలేదు. అందుకు వేల కేసులు కలిపి చూడాలి. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఎవరు ఎవరితో ఏకీభవించారో, ఎవరు విభేదించారో హెర్మన్ ప్రిచెట్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు 1940లలోనే లెక్కించారు. మన దగ్గర 2010–2018 మధ్య కింది కోర్టులకు చెందిన దాదాపు 8 కోట్ల కేసుల రికార్డులను పరిశోధకులు సేకరించారు. క్రిమినల్ కేసుల్లో జడ్జీలు తమ మతంవారి పట్లనో, తమలాంటి స్త్రీల పట్లనో, పురుషుల పట్లనో పక్షపాతం చూపారా అని పరిశీలించారు. నిర్దోషిగా వదిలేయడంలో చెప్పుకోదగ్గ పక్షపాతం కనిపించలేదు. ఎవరిని అరెస్టు చేశారు, ఎవరిపై కేసు పెట్టారు అన్న ప్రశ్నలకు ఇది జవాబు కాదు. అయినా న్యాయవ్యవస్థ గర్వంగా చెప్పుకోగల ఫలితమిది. పరిశోధనంటే వేలెత్తి చూపడమేనన్న భయం అనవసరమని దీన్నిబట్టి తెలుస్తోంది.

అంకెలను తొందరపడి చదివితే ప్రమాదమూ ఉంది. ఇజ్రాయెల్‌లో ఖైదీల పెరోల్‌పై (గడువుకు ముందే విడుదలపై) 2011లో వచ్చిన అధ్యయనం ప్రపంచమంతా చుట్టివచ్చింది. జడ్జీలు తినడానికి తీసుకున్న విరామం తర్వాత దాదాపు 65 శాతం దరఖాస్తులకు అనుకూల నిర్ణయాలు వెలువడ్డాయనీ, తర్వాతి విరామం దగ్గరపడేసరికి అవి ఇంచుమించు సున్నాకు చేరాయనీ అది చెప్పింది. జడ్జికి ఆకలేస్తే ఖైదీకి విడుదల లేదన్న ప్రచారం సాగింది. కేసుల వరుస యాదృచ్ఛికం కాదనీ, న్యాయవాది లేని ఖైదీల వంతు చివర్లో వచ్చేదనీ అదే ఏడాది ఇతర పరిశోధకులు ఎత్తిచూపారు. ఆకలి మాటకు దక్కిన ప్రచారం ఈ దిద్దుబాటుకు దక్కలేదు.

మన హైకోర్టుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఏ జడ్జి ఏ రకం కేసులు వినాలో చెప్పే పట్టికను (రోస్టర్) నిర్ణయించేది ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 1998లో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని స్పష్టంగా ధ్రువీకరించింది. హత్య కేసుల అప్పీళ్లు వినే జడ్జినీ, బెయిళ్ల రోస్టర్‌లో ఉన్న జడ్జినీ ఒకే తక్కెడలో తూచడం అన్యాయం. పైగా పనిభారం ఒకటుంది. న్యాయవ్యవస్థపై పరిశోధన చేసే బెంగళూరు సంస్థ ‘దక్ష్’ 2016లో గమనించిన ప్రకారం హైకోర్టు జడ్జికి ఒక్కో కేసు వినడానికి సగటున చిక్కేది 5, 6 నిమిషాలు. మరీ రద్దీ ఉన్నచోట రెండున్నర నిమిషాలే. రెండున్నర నిమిషాల్లో పుట్టిన ఉత్తర్వులో జడ్జి స్వభావం వెతకాలా, కాజ్ లిస్టు (ఆ రోజు వినాల్సిన కేసుల జాబితా) పొడవు వెతకాలా? 25 హైకోర్టుల్లో 60 లక్షలకు పైగా కేసులు పేరుకుపోయిన దేశంలో పరిశోధకులు మొదట తేల్చాల్సింది ఇదేనని మా అభిప్రాయం.

ఫ్రాన్స్ 2019లో మరో దారి పట్టింది. జడ్జీల పేర్ల ఆధారంగా వారి తీర్పుల సరళిని విశ్లేషించి పోల్చడాన్ని నేరం చేసింది. మనకు ఆ దారి వద్దు. తీర్పుపై న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టమే చెబుతోంది. జడ్జీలకు ర్యాంకులు ఇమ్మని మేము అడగడం లేదు. కోర్టుల పనిని కంప్యూటరీకరించే ఈ–కోర్టుల పథకం మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఇంత ఖర్చయ్యాక కూడా పరిశోధకులు కోర్టు వెబ్‌సైట్లో క్యాప్చా (తెరపై చూపే అక్షరాలు) కొట్టుకుంటూ ఒక్కో కేసే వెతుక్కోవాల్సి రావడం తగదు. బాధితుల, పిల్లల వివరాలు తొలగించి హైకోర్టుల రికార్డును మొత్తంగా విడుదల చేయాలి. పాత రోస్టర్లూ అందులో ఉండాలి. వాదనలు ముగిశాక తీర్పును తర్వాతికి ఆపిన (రిజర్వు చేసిన) తేదీ, వెలువరించిన తేదీ తప్పనిసరిగా చేర్చాలి. రిజర్వు చేసి ఆరు నెలలైనా తీర్పు రాకపోతే కేసును వేరే బెంచికి మార్చమని కోరవచ్చని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. అయినా రిజర్వులో మిగిలిపోయిన క్రిమినల్ అప్పీళ్ల వివరాలు ఇమ్మని 2025లో అదే కోర్టు హైకోర్టులను అడగాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు అడిగితే తప్ప బయటికి రాని ఆ తేదీలు, జైల్లో ఎదురుచూస్తున్నవాడి ఇంటివారు ఫోనులో చూసుకోగలిగేలా ప్రతి కేసు పేజీలోనూ కనిపించాలి.