సవరణ: బీచ్ రోడ్డు ఆటలో డ్రా ఎవరూ ఇచ్చింది కాదు

విశాఖ బీచ్ రోడ్డులో 1900 రేటింగు (ఆట బలాన్ని చూపే అంకె) ఉన్న పెద్దాయనకూ 1500 రేటింగు కుర్రాడికీ జరిగిన చదరంగం ఆట గురించి నిన్న రాసినదానిలో ‘పెద్దాయన డ్రా ఇచ్చారు’ అన్నచోట ‘కుర్రాడు డ్రా సాధించాడు’ అని చదువుకోవాలి.

చివరికి పెద్దాయన ఆడిన తెల్లవైపు రాజుతో పాటు ఒక బిషప్, ‘ఎ’ వరుస బంటు మిగిలాయి. కుర్రాడి నల్లవైపు రాజు ఒక్కడే. చూడడానికి తెల్లకు గెలుపే. కానీ బంటు మంత్రిగా మారవలసిన మూల గడి ఎ8 తెల్లది, ఆ బిషప్ తిరిగేది నల్ల గడుల్లో. నల్ల రాజు ఆ మూలకు చేరాక వెళ్లగొట్టే దారి లేదు. బలవంతం చేస్తే స్టేల్‌మేట్, అంటే రాజుకు చెక్ లేకుండానే వేయడానికి ఎత్తు లేక ఆట డ్రా. ప్రపంచ విజేత కూర్చున్నా అంతే. కుర్రాడికి ఇది ముందే తెలుసు. తన గుర్రాన్ని వదులుకుని మరీ రెండో బంటును తీసేసి, రాజును మూలకు పరుగెత్తించాడు. దానికి పెద్దాయన దయ అని పేరు పెట్టడం అన్యాయం.

ఇంకొకటి. రేటింగులో 400 తేడా ఉంటే బలహీనుడు నూటికి 8 ఆటలు గెలుస్తాడని కొందరు అనుకున్నారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే పట్టికలోని 0.08 ఒక ఆటకు ఆశించే పాయింట్లు మాత్రమే. డ్రాల అర పాయింట్లూ అందులోనే ఉంటాయి. ఇది రేటింగు టోర్నీ అయి, రేటింగు మార్పును లెక్కగట్టే గుణకం 20 అయితే, డ్రాకు వచ్చిన 0.5లోంచి 0.08 తీసి 20తో హెచ్చిస్తే, కుర్రాడికి 8.4 రేటింగు పాయింట్లు కలిసేవి.