గీత కింద బతుకులు

గోల్ఫర్లను బలహీన వర్గంగా గుర్తించి, వాళ్ళ సంక్షేమానికి ప్రభుత్వం వెంటనే ఒక కార్పొరేషన్ పెట్టాలని ఈ వ్యాసం ద్వారా డిమాండ్ చేస్తున్నాను. నవ్వకండి. పోయిన ఆదివారం దాకా నేనూ నవ్వినవాణ్ణే.

మా బావది హిందూపురం. బెంగళూరొచ్చి, ప్లాట్లు అమ్మి, ఊరి బయట ఒక ప్రైవేటు ఛాంపియన్‌షిప్ గోల్ఫ్ కోర్సులో మెంబరయ్యాడు. ‘ఒక్కసారి రారా, గెస్టుగా రాయిస్తాను. ఎంత కష్టమైన కోర్సో నీకే తెలుస్తుంది’ అన్నాడు. కష్టం అనే మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. గేటు దగ్గర నా పేరు, కారు నంబరు రాసుకున్నారు. తర్వాత నా గుండ్రటి మెడ టీషర్టు చూసి ఆగారు. కాలర్ ఉండాలట. జీన్సు కుదరదట. లోపలి షాపులో ఒక చొక్కా, ఒక ప్యాంటు కొన్నాను. ఆ డబ్బుతో మా ఇంటికి రెండు నెలలు పాలు వస్తాయి. ఏ బట్ట కట్టుకోవాలో కూడా ఎవరో చెప్పాల్సిన మనిషిని బలహీనుడనక ఏమంటాం?

ఈ వర్గం బాధలు ఈనాటివి కావు. కలకత్తాలో 1829లో, బెంగళూరులో 1876లో తెల్లదొరలు క్లబ్బులు పెట్టిన నాటి నుంచీ పడుతూనే ఉన్నారు.

ఇక కాగితాల సంగతి. మనకు కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లుంటాయి. గోల్ఫరుకు చేతగానితనం సర్టిఫికెట్ ఉంటుంది. దాన్నే హ్యాండిక్యాప్ అంటారు. బాగా ఆడేవాడు మొత్తం పద్దెనిమిది గుంతలూ ఇన్ని దెబ్బల్లో ముగించాలని ప్రతి కోర్సుకూ ఒక లెక్క, పార్, ఉంటుంది. ఎక్కువ చోట్ల అది 72. ఆటలో ఆ గీతను అందుకోలేనివాళ్ళకు సబ్సిడీగా కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు. 2020లో ప్రపంచమంతటికీ కలిపి తెచ్చిన పద్ధతిలో ఈ హ్యాండిక్యాప్ సూచిక 54 దాకా వెళ్ళొచ్చు. అంటే గుంతకు మూడు దెబ్బలు ఉచితం. మన దగ్గర ఎన్నికల మేనిఫెస్టోల్లో కూడా ఇంత చూడలేదు.

బావ సూచిక 24. నిజానికి 18 దాటదని ఆయనతో ఆడేవాళ్ళు గొణుగుతుంటారు. కిటుకేమిటంటే, బాగా ఆడిన రోజు స్కోరు ఎక్కించడం మర్చిపోతాడు. చెత్తగా ఆడిన రోజు బూట్లు విప్పకముందే యాప్‌లో ఎక్కిస్తాడు. మా ఊళ్ళో రెండంతస్తుల మేడ ఉన్నవాళ్ళు తెల్లకార్డు కాపాడుకున్నదీ ఇలాగే. తనిఖీకి వస్తున్నారని తెలిస్తే బుల్లెట్టు పక్కింటి గొడ్లపాకలోకి పోయేది.

అసలు గొప్పదనం ఇంకోటుంది. కోర్సు ఎంత కష్టమైతే సబ్సిడీ అంత పెరుగుతుంది. దీనికి స్లోప్ రేటింగ్ అని 55 నుంచి 155 దాకా ఒక కొలత. మామూలు కోర్సుకు 113. బావ కోర్సుకు 141 అని బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. 24ను 141తో గుణించి 113తో భాగిస్తే దాదాపు 30. మిగతా చిన్న సవరణలు వదిలేయండి, కష్టమైన చోటికి వచ్చినందుకే ఆయనకు ఆరు దెబ్బలు అదనం. మా అనంతపురం జిల్లాలో మండలాన్ని కరువు జాబితాలో చేర్చమని రైతులు తిరిగీ తిరిగీ చెప్పులు అరగదీసుకున్నారు. ఇక్కడ మెంబర్లే డబ్బు కట్టి కరువు మండలంలో చేరుతున్నారు.

మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టి తొలి దెబ్బ కొట్టే చోట, నా వంతు వచ్చింది. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, నిమ్మకాయంత. దాన్ని చెక్క పుల్ల మీద నిలబెట్టి ఊపాను. పుల్ల ఎగిరి ముందు పడింది, బంతి దిగి అక్కడే కూర్చుంది. ‘పర్లేదు సార్, అది కూడా ఒక దెబ్బ కిందే లెక్క’ అని ఓదార్చాడు మా సంచీ మోసే క్యాడీ. బాగేపల్లి వైపు కుర్రాడు, తెలుగు బాగా వచ్చు. రెండో దెబ్బకు బంతి పొదల్లోకి పోయింది. వెతకడానికి మూడు నిమిషాలే టైమట. 2019 దాకా ఐదు నిమిషాలుండేది, రెండు నిమిషాలు కోసేశారు. దీని మీద ఒక్క ధర్నా జరగలేదు, అంత నోరులేని వర్గం.

నువ్వూ ఆడతావా అని అతన్ని అడిగాను.

‘సోమవారం మాకు వదుల్తారు సార్. ఎవరి సెట్టో అడుక్కుని ఆడతాం. 76, 78 అట్ల వస్తుంది.’

‘మరి నీ హ్యాండిక్యాప్ ఎంత?’

‘మాకు కార్డు లేదు సార్.’

బావ ప్రతి బంతి మీదా స్కెచ్ పెన్నుతో మూడు నామాలు గీసుకుంటాడు, తన బంతి గుర్తుపట్టడానికీ, స్వామి చూసుకుంటాడనీ. పదకొండో గుంతకు ముందు చెరువుంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి, మొక్కలకు తాగునీళ్ళు పోస్తే 5000 జరిమానా అన్నప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో తులసి కోట కూడా ఎండింది. ఇక్కడ వాడేది శుద్ధి చేసిన మురుగునీళ్ళేనని బావ రెండుసార్లు చెప్పాడు. నేను అడగలేదు. ఆ నీళ్ళలోకి వరసగా మూడు నామాల బంతులు వెళ్ళిపోయాయి. బంతులు అయిపోతే క్యాడీ సంచీలోంచి ఒక కవరు తీశాడు. నీళ్ళలోంచి ఏరి, కడిగి అమ్మేవట, ఒక్కోటి అరవై. బావ ఒకటి తీసి తిప్పి చూశాడు. వెలిసిపోయిన మూడు నామాలు.

‘ఇది నాదే కదయ్యా!’

‘పోయిన నెలది సార్. నీళ్ళలో పడినాక కాంట్రాక్టరుది.’

యాభైకి బేరం తెగింది.

నా స్కోరు రాయడం ఏడో గుంత దగ్గరే మానేశారు. బావది 98. మాఫీ 30 తీసేస్తే 68, గీతకు నాలుగు కింద. స్నేహితుల దగ్గర పందెం డబ్బు వసూలు చేసి జేబులో పెట్టుకున్నాడు. కారెక్కాక, ‘స్కోరు యాప్‌లో ఎక్కించవా బావా?’ అన్నాను.

‘ఇక్కడ సిగ్నల్ లేదురా’ అని, ప్లాటు అడ్వాన్సు గురించి ఎవరికో ఫోన్ కలిపాడు.