పన్నెండో పేజీలో గేదె

పడుకున్న గేదె లేచేటప్పుడు ముందు ఏ కాళ్ళు లేపుతుంది? ముందరివా, వెనకవా? ఎవర్ని అడిగినా ఠక్కున చెప్పేస్తారు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు, అదే చిక్కు. మా ఆవిడ లెక్కలో ముందరికాళ్ళు. ఎదురింటి రిటైర్డు లెక్కల మాస్టారి లెక్కలో నాలుగూ ఒకేసారి. మావాడు తల ఎత్తకుండానే "ఫోన్లో చూసుకో నాన్నా" అన్నాడు. చూశాను. ఆఫ్రికా అడవిదున్నలు సింహాల్ని తరుముతూ వచ్చాయి గాని, ఒక్కటీ తీరిగ్గా పడుకుని లేవలేదు. అడిగిందల్లా గీసిపెట్టే కొత్తరకం యంత్రం ఉందిగా, దాన్నీ అడిగాను. గుర్రం లేచినట్టు లేస్తున్న గేదెను గీసి, ఐదో కాలు కొసరు వేసి ఇచ్చింది.

నాకెందుకీ గేదె గోల అంటే, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసుకుని బతుకుతున్నాను గనక. రచయిత గారు "గేదె లేచి చక్కా పోయింది" అని రాసి తనూ చక్కా పోయారు. ఆయనకది నాలుగు మాటలు. నాకు 12, 13 పేజీలు. 24 పేజీల పుస్తకానికి అదే నట్టనడుమ. ఊరు ఊరంతా బతిమాలినా కదలని గేదె, తనకు తోచినప్పుడు లేచే ఘట్టం. అది కుదరకపోతే పుస్తకమే లేవదు. పెద్దవాళ్ళయితే సర్దుకుపోతారు. ఇంట్లో పాడి ఉన్న ఆరేళ్ళ పిల్ల మాత్రం పేజీ మీద వేలుపెట్టి, "ఈ మావయ్యకి గేదె తెలీదు" అనేస్తుంది. ఆ పిల్లకి భయపడే నేను వృత్తి చేస్తున్నాను.

1952లో చందమామలో బొమ్మలు వేయడానికి చేరిన శంకర్ గారు విక్రమార్కుణ్ణి శవంతో సహా ఎన్ని దశాబ్దాలు నడిపించారో! భుజాన బేతాళుడు దూరిన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. ఆ అడుగు చూస్తే చాలు, బరువు ఏ కాలి మీద పడుతోందో తెలిసిపోయేది. శవం బరువు ఆయన ఎక్కడ చూశారో నేనెరగను. నాకు మాత్రం గేదె బరువు చూడాలంటే గేదె కావాలి.

మా కాలనీ చివర, రెండు అపార్టుమెంట్ల సందులో ఇంకా ఒక బర్ల కొట్టం మిగిలి ఉంది. హైదరాబాదులో అలాంటివి ఎలా మిగులుతాయో నన్నడక్కండి. తెల్లారుజామునే బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాను. అప్పటికే పాల కోసం స్టీలు క్యాన్లతో జనం నిలబడి ఉన్నారు. గోడవారగా నల్లగా నిగనిగలాడుతూ ఓ గేదె పడుకుని నెమరేస్తోంది. పేరు లచ్చి అట. నేను పెన్సిలు చెక్కి, తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాను. లచ్చి నన్ను చూసింది. చూసి, ఇవాళ్టికి లేవకూడదని అప్పుడే నిర్ణయించుకుంది.

కొట్టం యజమాని పాలు కొలుస్తూ ఓ కన్ను నా మీదే వేసి ఉంచాడు. క్యాను తేకుండా కొట్టానికి వచ్చినవాణ్ణి నమ్మడం కష్టమే.

సరిగ్గా అప్పుడే మా ఎడిటర్ మేడం ఫోను. ఆవిడ తెల్లవారుజామున నడకకి వెళ్తూ పనులు చక్కబెడతారు. ఆవిడ మాటలు నాకే వినపడతాయి, నా మాటలు కొట్టమంతా వినపడతాయి. ఈ ఆలోచన అప్పుడు నాకెందుకు వస్తుంది?

"లేదు మేడం, ఇంకా లేవలేదు. ఇక్కడే కాపలా కాస్తున్నా."

పాలు కొలిచే లోటా ఆగింది.

"12లో లేవాలి, 13లో వెళ్ళిపోవాలి. అంతే కదండీ. నడుం మీద పిన్ను దిగుతుందనే నా భయం కూడా. కాస్త పక్కకి లాగేస్తాను. తోక కొసంటారా, అది ఎలాగూ కటింగులో పోతుంది."

క్యాన్ల వరస కాస్తా గుంపు అయింది.

"అంత నలుపైతే చచ్చిపోతుంది మేడం. పైన నీలం ఎక్కిద్దాం. పొదుగా? తీసేయమంటే తీసేస్తాను, దానికేముంది!"

మా పనిలో ఇవన్నీ రోజూ అనుకునే మాటలు. ఇలాంటి సన్నపాటి పుస్తకానికి కుట్టుండదు, మధ్య మడతలో రెండు పిన్నులు కొడతారు. నడిమి బొమ్మలో అవి గేదెకు దిగినా, గుడికి దిగినా దిగాల్సిందే. అంచులు మూడేసి మిల్లీమీటర్లు ఎక్కువ వేసి ఇస్తాం, ప్రెస్సులో కత్తి వేసి సమం చేస్తారు. ఇక గేదె ఒళ్ళంతా ఒట్టి నల్ల ఇంకు పోస్తే కండ, ఎముక ఏమీ తెలియకుండా బొమ్మ చచ్చిపోతుంది. నీలమో గోధుమరంగో కలిపితేనే ప్రాణం వస్తుంది. ఇదంతా నేను ఫోను పెట్టేశాక చెప్పాలనుకున్నాను. వినే మూడ్‌లో ఎవరూ లేరు.

"ఎవరి పొదుగు తీస్తవ్ సారూ?" అన్నాడు యజమాని, లోటా పట్టుకునే.

"పదమూడో తారీఖుకు ఎల్లగొడ్తరంట. పిన్నులు గుచ్చుతరంట!" అంది ఒకావిడ.

"ముందుగాల ఫోను గుంజుకోండ్రి" అన్నాడు వెనకనించి ఎవరో. ఒక కుర్రాడు అప్పటికే వీడియో తీస్తున్నాడు.

"బొమ్మ అన్నా, బొమ్మ! పిల్లల పుస్తకం!" అని పుస్తకం చేతిలో పెట్టాను. ఆయన చెయ్యి లుంగీకి తుడుచుకుని, వేలు తడి చేసుకుని, మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్న నక్క దగ్గర ఆగాడు.

"నక్కకు అద్దాలేంది?"

"పిల్లలకి సరదాగా ఉంటుందని..."

"పిల్లలు నవ్వాల్నంటే నక్కకు సైటు రావాల్నా?"

జవాబు లేదు నా దగ్గర. ఇన్నేళ్ళలో ఏ సమీక్షకుడూ ఈ ప్రశ్న వేయలేదు. గేదె బొమ్మ వచ్చేసరికి ఆయన మొహం మారింది. కోపం పోయి, జాలి వచ్చింది.

"గిది బర్రెనా? మా లచ్చి ముర్రా జాతిది. కొమ్ము జిలేబీ లెక్క సుట్టు తిరగాలె. నువ్వు కొడవలి పెట్టినవ్. గీ చెవులు మేకయి." నా చేతిలో పెన్సిలు తీసుకుని కొమ్ము దిద్దాడు. నిజం చెప్పొద్దూ, బాగా దిద్దాడు. "మరి పొదుగేది?"

"మేడం వద్దన్నారు. పిల్లల పుస్తకం కదా అని."

"మేడం చాయ తాగదా?"

గుంపంతా నవ్వింది. ఫోను గుంజుకోమన్న మనిషి కూడా నా భుజం తట్టి, చెవులు ఇంకా కిందికి ఉండాలన్నాడు. చెవుల మీద చర్చ జోరుగా సాగుతోంది. యజమాని భార్య లోపల్నించి తవుడు బకెట్టు తెచ్చి ఠంగుమని పెట్టింది.

లచ్చి లేచింది.

మెడ ముందుకి సాచింది. ముందరి మోకాళ్ళు నేలకి ఆనించి, ఆ ఊపులో వెనకభాగం మొత్తం పైకెత్తింది. ఒక్క క్షణం, వెనక ఎత్తుగా, ముందు ఇంకా మోకాళ్ళ మీద. తర్వాత ఒక ముందరికాలు, ఆపైన రెండోది. గుర్రానిది తిరగేసిన పద్ధతి, అది ముందు ముందరికాళ్ళు నిలబెట్టుకుంటుంది. ఇంత స్పష్టంగా చూస్తున్నాను, గీద్దామంటే పుస్తకం ఆయన ఒళ్ళో ఉంది, పెన్సిలు ఆయన చెవి మీద ఉంది.

"సూసినవా?"

"చూశాను. ఇంకోసారి పడుకోబెట్టి లేపుతావా అన్నా?"

"మనం లేపితే లేస్తదా అది!"

ఇంటికి పరుగెత్తి, మా ఆవిడ చాకలిపద్దు వెనకాల గీసి పెట్టుకున్నాను. పొదుగు గురించి మేడంతో పోట్లాడి సగం సాధించాను: వెనకకాలి చాటున కొంచెం కనపడుతుంది. ఆ రోజు నుంచి మా ఇంటికి పాలు లచ్చివే. మోడలుకి కూలి ఇవ్వాలి కదా.

పుస్తకం అచ్చయి వచ్చాక మొదటి కాపీ కొట్టానికే పట్టుకెళ్ళాను. ఆయన నిలబడే 12, 13 పేజీలు విప్పాడు. కొమ్ములు చూశాడు, చెవులు చూశాడు, వంగి పొదుగు వెతికి తల ఊపాడు. తర్వాత మడత దగ్గర బొటనవేలితో తడిమాడు.

"అన్నంత పనీ జేసిండ్రు" అన్నాడు భార్యకి చూపిస్తూ. "నడుం తప్పిచ్చి తొడకు కొట్టిండ్రు పిన్ను."